ఇంగ్లిష్ టీచర్ కావాలంటే నోటిఫికేషన్ నుంచి వెనక్కి చదవాలి

కాగజ్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్. డీఎస్సీకి దరఖాస్తు పెట్టడానికి ఒక అమ్మాయి వచ్చిందనుకుందాం. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. అమ్మ కైకిలికి పోతుంది. అమ్మాయి బీఏ హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌తో పాసైంది. బీఈడీ కూడా చేసింది. ఇంగ్లిష్ అంటే ఇష్టం. సాయంత్రం పూట వాడలో పిల్లలను కూర్చోబెట్టి ఇంగ్లిష్ చెప్తుంది కూడా. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు వేద్దామని వచ్చింది. కంప్యూటర్ ముందున్నాయన రెండు మూడుసార్లు చూసి అన్నాడు: "ఇంగ్లిష్ తీసుకుంటలేదు చెల్లె. నీ డిగ్రీల ఆ సబ్జెక్టు లేదు."

ఈ అమ్మాయి మన ఊహ. కానీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో విద్యార్థుల మధ్య తిరిగే కార్యకర్తలెవరికైనా ఇలాంటి వాళ్లు ఒకరిద్దరైనా తెలిసే ఉంటారు. ఆమెకు మార్కులు తక్కువ రాలేదు. పరీక్ష తప్పలేదు. ఐదారేళ్ల కింద, ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో, డిగ్రీ అడ్మిషన్ ఫారంలో మూడు సబ్జెక్టులు ఎంచుకున్న రోజే ఈ తలుపు మూసుకుపోయింది. ఆ రోజు ఆమెకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

రెండు మూడు తరాలుగా టీచర్లున్న ఇళ్లలో ఈ విషయం అన్నం తినేటప్పుడే పిల్లల చెవిన పడుతుంది. మేనమామో, పెద్దనాన్నో చెప్తాడు. మన వాడల్లో ఆ మేనమామ ఇంకా తయారు కాలేదు. ఇంగ్లిష్ టీచర్ కావాలనుకునే దళిత విద్యార్థికి దారి మొత్తాన్ని ఒక్కచోట చెప్పడానికే ఈ వ్యాసం. ఒక్క మాట మొదటే గుర్తు పెట్టుకోండి: ఈ దారిని ముందు నుంచి కాదు, చివర ఉన్న పోస్టు దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవాలి.

మార్లవాయిలో మొదలైన ప్రశ్న

బోర్డు ముందు ఎవరు నిలబడాలి అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల పరిస్థితిని నిజాం ప్రభుత్వం కోసం అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మకాం వేశాడు. 1943లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చారు. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. బయటి నుంచి పంతుళ్లను తేవడంతో సరిపెట్టకుండా, ఆ ఊళ్లలోని పిల్లల భాష తెలిసిన వాళ్లనే పంతుళ్లుగా తయారుచేయాలన్నది ఆ ప్రయత్నం. మార్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

ఎనభై ఏళ్ల తర్వాత అదే ప్రశ్న ఇంగ్లిష్ దగ్గర మన ముందుకొచ్చింది. 2022-23 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువు ఇంగ్లిష్‌లోనే. ఈ బడుల్లో కూర్చునేది ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు. ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లకు ఆ భాష ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ సిగ్గుపడుతుందో, ఆ దారిలో తానే నడిచొచ్చిన టీచర్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అందుకే మన పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకుంటే సరిపోదు, ఇంగ్లిష్ చెప్పేవాళ్లలో మనవాళ్లు ఉండాలి.

పోస్టుకు ఏం అడుగుతారు?

ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పే ప్రభుత్వ పోస్టు పేరు స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్. దానికి మూడు అర్హతలు కావాలి.

ఒకటి, డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ప్రధాన లేదా ఆప్షనల్ సబ్జెక్టుగా ఉండాలి. లేదంటే పీజీ ఇంగ్లిష్‌లో చేసి ఉండాలి. రెండు, బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ ఉండాలి. మూడు, టెట్ పేపర్-2 పాస్ కావాలి.

మొదటి అర్హత దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. డిగ్రీలో అందరూ ఇంగ్లిష్ చదువుతారు. బీకాం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ జనరల్ ఇంగ్లిష్ పరీక్ష రాస్తారు. "మేమూ ఇంగ్లిష్ చదివినం కదా" అనుకుంటారు. కానీ ఆ జనరల్ ఇంగ్లిష్ ఈ లెక్కలోకి రాదు. స్పెషల్ ఇంగ్లిష్, ఇంగ్లిష్ లిటరేచర్, మోడరన్ లాంగ్వేజ్ ఇంగ్లిష్ లాంటి పేరుతో ఆప్షనల్‌గా తీసుకున్నదే చెల్లుతుంది. ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ సీటు అడిగేటప్పుడూ ఇదే నిబంధన.

అంటే ఇంటర్ అయిపోయి దోస్త్‌లో డిగ్రీ ఆప్షన్లు పెట్టేరోజే సగం నిర్ణయం జరిగిపోతుంది. మీ తమ్ముడో, చెల్లెలో ఇప్పుడు ఆ దశలో ఉంటే, టీచర్ కావాలన్న కోరిక ఉంటే, బీఏలో ఇంగ్లిష్ లిటరేచర్ ఉన్న కాంబినేషన్ ఏ కాలేజీలో ఉందో వెతకండి. అన్ని కాలేజీల్లో ఉండదు. ఉమ్మడి కరీంనగర్‌లోని డిగ్రీ కాలేజీలు శాతవాహన యూనివర్సిటీ కింద, ఉమ్మడి ఆదిలాబాద్‌లోనివి కాకతీయ యూనివర్సిటీ కింద ఉన్నాయి. ఊరి దగ్గరి కాలేజీలో ఆ కాంబినేషన్ లేకపోతే, అది ఉన్న పట్టణంలో ఎస్సీ హాస్టల్ సీటు దొరుకుతుందేమో చూడండి. మూడేళ్ల డిగ్రీ చివర పడాల్సిన అడ్డును అక్కడే దాటొచ్చు.

డిగ్రీ అయిపోయింది, ఇంగ్లిష్ లేదు. ఇప్పుడెలా?

దారి మూసుకుపోలేదు, పొడవైంది. ఎంఏ ఇంగ్లిష్ చేయాలి.

రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్. 2019 నుంచి దాన్ని ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తోంది. ఉస్మానియా, కాకతీయ, శాతవాహన వంటి యూనివర్సిటీలన్నిటికీ ఒకే పరీక్ష, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు. కూలికో, చిన్న ఉద్యోగానికో పోతూ రెగ్యులర్‌గా చదవలేనివాళ్లకు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎంఏ ఇంగ్లిష్ ఉంది.

ఎంఏ రెండేళ్లు, బీఈడీ రెండేళ్లు. నాలుగేళ్లంటే మన ఇళ్లల్లో చిన్న మాట కాదు. కానీ ఎంఏతో వచ్చేది ఒక్క స్కూల్ అసిస్టెంట్ అర్హత మాత్రమే కాదు. గురుకులాల్లో పీజీటీ పోస్టుకు పీజీ కావాలి. జూనియర్ లెక్చరర్‌కూ పీజీ కావాలి. నెట్ గానీ సెట్ గానీ పాసైతే డిగ్రీ కాలేజీలో చెప్పే అర్హత కూడా వస్తుంది. ఒక్క నోటిఫికేషన్ మీద బతుకును ఆధారం చేసుకోవడం కన్నా, నాలుగు రకాల నోటిఫికేషన్లకు అర్హత ఉండడం మేలు.

ఎడ్‌సెట్: ఇంగ్లిష్ వాళ్లకు ఇంగ్లిష్ 20 మార్కులే

తెలంగాణలో రెండేళ్ల బీఈడీ కోర్సుకు ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్. ఉన్నత విద్యామండలి తరఫున ఏటా ఒక యూనివర్సిటీ దాన్ని నిర్వహిస్తుంది. 2024లో నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ మే 23న, 2025లో కాకతీయ యూనివర్సిటీ జూన్ 1న పెట్టాయి. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నుంచే నోటిఫికేషన్ కోసం చూస్తుండాలి. డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు రాస్తున్నవాళ్లు కూడా దరఖాస్తు చేయవచ్చు. 19 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయసు నిబంధన లేదు. పెళ్లయి, పిల్లలు పుట్టాక చదువు మళ్లీ మొదలుపెట్టాలనుకునే మన ఆడవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

డిగ్రీలో ఓసీలకు 50 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం చాలు. ఇక్కడొక జాగ్రత్త. బీఈడీలో చేరడానికి సరిపోయిన శాతం ఉద్యోగ నోటిఫికేషన్‌కు కూడా సరిపోతుందని అనుకోవద్దు. టెట్‌కు, డీఎస్సీకి శాతాలు విడిగా పెడతారు. డిగ్రీలో 50 దాటితే ఏ చిక్కూ ఉండదు. దాటలేదనుకుంటే, బెటర్‌మెంట్ రాసే అవకాశం ఉందో లేదో మీ యూనివర్సిటీలో అడగండి.

పరీక్ష 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండు గంటలు. అన్ని మెథడాలజీల వాళ్లకూ ఒకటే పేపర్. గణితం 20, సైన్స్ 20, సాంఘిక శాస్త్రం 20, టీచింగ్ ఆప్టిట్యూడ్ 20, జనరల్ ఇంగ్లిష్ 20, జనరల్ నాలెడ్జ్, విద్యా సంబంధ అంశాలు కలిపి 30, కంప్యూటర్ అవగాహన 20.

ఈ అంకెలను ఒకసారి మళ్లీ చూడండి. ఇంగ్లిష్ టీచర్ కాబోయేవాళ్లకు ఇంగ్లిష్ మీద వచ్చేది 150లో 20 మార్కులే. లెక్కలు, సైన్స్, సోషల్ కలిపి 60. అవన్నీ పదో తరగతి స్థాయి వరకే. అంటే ఈ పరీక్షకు అన్నిటికన్నా పనికొచ్చేవి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న 8, 9, 10 తరగతుల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు. వేలు పోసి కోచింగ్‌కు పోనవసరం లేదు. మీ తమ్ముడి పుస్తకాలు తీసి, రోజుకో పాఠం చొప్పున మూడు నెలలు చదవండి. ఇంటర్ నుంచి ఆర్ట్స్‌లో ఉండి లెక్కలు మరిచిపోయినవాళ్లు శాతాలు, నిష్పత్తులు, సగటు, క్షేత్రగణితం దగ్గర మొదలుపెడితే భయం పోతుంది. టీ-శాట్ పాఠాలు ఉచితం. తప్పు జవాబుకు మార్కులు కోత పెట్టరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో లేదా ఉర్దూలో ఉంటుంది.

అర్హత మార్కులు 25 శాతం, అంటే 38. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. దీన్ని చూసి "ఎట్లయినా ర్యాంకు వస్తది" అని వదిలేసేవాళ్లున్నారు. ర్యాంకు వస్తుంది, నిజమే. కానీ మంచి కాలేజీలో, ఇంటికి దగ్గరగా, ఇంగ్లిష్ మెథడాలజీతో కన్వీనర్ సీటు రావాలంటే ర్యాంకు ముందుండాలి. మంచి ర్యాంకు వస్తే ఓపెన్ సీటు కూడా మనదే. అప్పుడు రిజర్వేషన్ సీటు వెనకున్న మరొకరికి మిగులుతుంది.

కాగితాల సంచి

పరీక్షకన్నా ముందే కాగితాలు జమ చేయాలి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, తాజా ఆదాయ ధ్రువీకరణ పత్రం, చదివిన ప్రతి బడి నుంచి, కాలేజీ నుంచి బోనఫైడ్. ఇందులో రెండింటి గురించి విడిగా చెప్పాలి.

మొదటిది కుల పత్రం. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లో ఉంది. 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేశారు. మొదటి గ్రూపులో 15 కులాలకు 1 శాతం, మాదిగలు ఉన్న రెండో గ్రూపులో 18 కులాలకు 9 శాతం, మాలలు ఉన్న మూడో గ్రూపులో 26 కులాలకు 5 శాతం. మొత్తం 15 శాతం. మీ కులం ఏ గ్రూపులో ఉందో, పత్రంలో కులం పేరు జాబితాలో ఉన్నట్టే రాశారో లేదో ముందే చూసుకోండి. పాత పత్రం ఉంటే మీసేవలో అడిగి కొత్తది తీసుకోండి. కౌన్సెలింగ్ రోజు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు.

రెండోది 1 నుంచి 7వ తరగతి వరకు బోనఫైడ్లు. వీటి అవసరం అసలు ఉద్యోగం దగ్గర వస్తుంది. స్కూల్ అసిస్టెంట్ జిల్లా స్థాయి పోస్టు, 95 శాతం లోకల్ వాళ్లకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7 వరకు కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. మన పిల్లల్లో చాలామంది ఐదో తరగతిలో గురుకులానికి పోయి, వేరే జిల్లాలో చదివినవాళ్లే. వాళ్లను సొంత జిల్లాకు లోకల్ చేసేది ఊరి ప్రాథమిక పాఠశాలలో చదివిన 1 నుంచి 4 తరగతులు. ఆ నాలుగేళ్ల బోనఫైడ్ పోతే సొంత జిల్లాయే పరాయిదవుతుంది. అమ్మానాన్నలు భివండికో, ముంబైకో వలసపోయి అక్కడ ఒకటి రెండేళ్లు చదివిన పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. ఉమ్మడి కరీంనగర్ కూడా ముక్కలైంది. కాబట్టి మీ బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని, ఆ బడి రికార్డులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, బోనఫైడ్ ఇప్పుడే తీసిపెట్టుకోండి.

ఫీజు గురించి భయపడొద్దు, మోసపోవద్దు

2025లో ఎడ్‌సెట్ దరఖాస్తు రుసుము ఎస్సీ, ఎస్టీలకు 550 రూపాయలు, మిగతావాళ్లకు 750. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ఈపాస్ వెబ్‌సైట్‌లో గడువులోపు దరఖాస్తు పెట్టాలి. కేంద్ర పథకం ప్రకారం ఎస్సీ విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షిక ఆదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. "ముందు మేనేజ్‌మెంట్‌ల చేరు, తర్వాత స్కాలర్‌షిప్ మేం చూసుకుంటం" అనే మధ్యవర్తి మాట నమ్మొద్దు.

ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. ఆ బకాయిల భారం చివరకు విద్యార్థి మీదే పడుతుంది. "ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తం" అంటారు. యూజీసీ 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి అక్కడికక్కడే తిరిగివ్వాలి, కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు. చేరేరోజే ఆ మాట మర్యాదగా, గట్టిగా అడగండి. తప్పక ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో రాయించి, ముద్రతో రసీదు తీసుకోండి. ఆపితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒకటి కాలేజీ ప్రిన్సిపాల్‌కు, ఒకటి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఒకటి జిల్లా ఎస్సీ అభివృద్ధి శాఖ అధికారికి. నోటిమాటకు జవాబు దొరకదు. కాగితానికి దొరుకుతుంది.

రెండేళ్లు కాలేజీకి పోవాల్సిందే

"కాలేజీకి రానక్కర లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని చెప్పే బీఈడీ బేరాల సంగతి అందరికీ తెలిసిందే. రోజు కూలి పోతుందన్న బాధతో మనవాళ్లు కూడా దానికి ఒప్పుకుంటారు. తప్పు వాళ్లది మాత్రమే అనలేం. కానీ నష్టం మాత్రం వాళ్లదే.

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో బడిలో గడపాల్సిన ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. అందులో రెండో ఏడాదిలోనే 16 వారాలు. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంట్లో ఇంగ్లిష్ వాతావరణం ఉన్నవాళ్లు ఆ 20 వారాలు పోగొట్టుకున్నా ఎలాగో నెట్టుకొస్తారు. నలభై మంది పిల్లల ముందు నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడడం మొదటిసారి చేసే మనకు, తప్పు మాట్లాడి సరిదిద్దుకోవడానికి దొరికే చోటు అదొక్కటే. ఉద్యోగంలో చేరాక ఆ తప్పును పిల్లల ముందు, తోటి టీచర్ల ముందు చేయాల్సి వస్తుంది. అప్పుడు దాన్ని భాషా లోపంగా కాకుండా కులం లోపంగా చూసేవాళ్లు స్టాఫ్ రూంలో ఉంటారు.

దూరవిద్య బీఈడీ గురించీ ఒక మాట. అది ఇప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక తరగతుల్లో పనిచేస్తున్న టీచర్లకు, లేదా ఏదైనా ఉపాధ్యాయ శిక్షణను రెగ్యులర్‌గా పూర్తిచేసినవాళ్లకు ఉద్దేశించింది. డిగ్రీ కాగానే నేరుగా దూరవిద్య బీఈడీ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

బీఈడీ తర్వాత లెక్క

2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు అర్హులు కారని తేలిపోయింది. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, అందులో 6,508 సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు. అవి బీఈడీ వాళ్లకు కావు. స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులకూ కలిపి 2,629. చిన్న పిల్లలకు చెప్పడమే ఇష్టమైతే, ఇంటర్ తర్వాత డీసెట్ రాసి రెండేళ్ల డీఈఎల్ఈడీ చేయడం సరైన దారి. ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పాలంటే బీఈడీ. ఈ ఎంపిక ఇంటర్ దశలోనే తెలిసి చేయాలి.

టెట్ పేపర్-2లో 150 మార్కులు. శిశు వికాసం 30, మొదటి భాష 30, ఇంగ్లిష్ 30, మిగతా 60కి గణితం-సైన్స్ గానీ, సోషల్ గానీ ఎంచుకోవాలి. ఇంగ్లిష్ అభ్యర్థికి విడిగా ఇంగ్లిష్ పేపర్ ఉండదు. ఎస్సీ, ఎస్టీలకు 60 మార్కులు వస్తే పాస్. అక్కడితో ఆగిపోవద్దు. డీఎస్సీ ఎంపికలో రాత పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ. టెట్‌లో 60 వస్తే వెయిటేజీ 8. 120 వస్తే 16. తేడా 8 మార్కులు. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కు కాబట్టి అది 16 ప్రశ్నలతో సమానం. టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు జీవితకాలం చెల్లుబాటు ఉంది. 2024 నుంచి ఏడాదికి రెండుసార్లు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. పాసైనా మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు.

డీఎస్సీ ఒక్కటే దిక్కు కాదు. 2023లో గురుకులాల నియామక బోర్డు 9 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. అందులో టీజీటీ, పీజీటీ, జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ అన్నీ ఉన్నాయి. ఉచిత శిక్షణ కోసం ఎస్సీ స్టడీ సర్కిళ్ల నోటిఫికేషన్లను చూస్తుండండి.

హైదరాబాద్‌లో ఇంకో తలుపు

ఇంగ్లిష్ టీచర్లను తయారుచేయడానికే 1958లో హైదరాబాద్‌లో ఒక సంస్థ పుట్టింది. అప్పుడు దాని పేరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్. ఇప్పుడది ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయం. అక్కడ ఎంఏ ఇంగ్లిష్‌తో పాటు ఇంగ్లిష్ బోధన మీద ప్రత్యేక కోర్సులూ, బీఈడీ కూడా ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. అయినా మన జిల్లాల పిల్లలు ప్రయత్నించాల్సిన చోటు. అక్కడ కేంద్ర రిజర్వేషన్ ఉంటుంది: ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27. రాష్ట్రంలోని మూడు గ్రూపుల విభజన అక్కడ వర్తించదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో కుల పత్రం విడిగా తీసుకోవాలి. ప్రవేశ విధానం కోర్సును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదివే నిర్ణయం తీసుకోండి.

కార్యకర్తలు చేయగలిగిన పనులు

విద్యార్థి సంఘాలు, అంబేద్కర్ యువజన సంఘాలు ఈ దారిలో పెద్ద పని చేయగలవు. దానికి పెద్ద ఖర్చు లేదు.

ఇంటర్ ఫలితాలు రాగానే ఎస్సీ హాస్టళ్లకు, కాలనీలకు పోయి దోస్త్ ఆప్షన్ల గురించి చెప్పండి. టీచర్ కావాలనుకునే ప్రతి పిల్లకూ ఒకటే ప్రశ్న వేయండి: "ఏ సబ్జెక్టు టీచర్?" జవాబు ఇంగ్లిష్ అయితే డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ ఉందో లేదో అక్కడే చూడండి. మీ మండలంలోని ఏ కాలేజీల్లో ఆ కాంబినేషన్ ఉందో ఒక కాగితం మీద రాసి అంబేద్కర్ భవన్ గోడకు అంటించండి.

ఫిబ్రవరిలో ఎడ్‌సెట్ రాసేవాళ్లను ఒక్కచోట చేర్చండి. పాత 8, 9, 10 పుస్తకాలు జమచేయండి. 550 రూపాయలు కట్టలేనివాళ్లుంటే ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లను అడగండి. ఒరిజినల్స్ ఆపిన కాలేజీకి విద్యార్థిని ఒంటరిగా పంపొద్దు, ఫిర్యాదు కాగితం పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. బీఈడీలో ఉన్నవాళ్లు ఇంటర్న్‌షిప్ ఎగ్గొట్టకుండా చూడండి. ఆ 20 వారాలు కూలి పోయే ఇంటికి సంఘం ఏం చేయగలదో కూర్చుని మాట్లాడండి.

కాగజ్‌నగర్ నెట్ సెంటర్‌లో మనం ఊహించుకున్న అమ్మాయికి ఇప్పుడు కూడా దారి ఉంది. సీపీగెట్ రాసి ఎంఏ ఇంగ్లిష్ చేస్తే, ముందుగా ఆమెకు పీజీతో వచ్చే జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్లు తెరుచుకుంటాయి. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ కావాలంటే బీఈడీ మెమోలో ఇంగ్లిష్ మెథడాలజీ కూడా ఉండాలి, అది లేకపోతే మళ్లీ ఎడ్‌సెట్ రాయక తప్పదు. నాలుగేళ్లు ఆలస్యంగానైనా ఆమె బోర్డు ముందు నిలబడవచ్చు. కానీ ఆమె చెల్లెలికి ఆ నాలుగేళ్లు పోనవసరం లేదు. ఆమెకు ఇప్పుడు ఇంట్లోనే చెప్పే మనిషి ఉంది.